అంగట్లో చిల్లర కరెక్టుగా ఇచ్చే పిల్లోడికి నోట్‌బుక్‌లో తీసివేత ఎందుకు రాదు?

అమ్మా, మీరు రాసింది మొత్తం రెండుసార్లు చదివినా. బాబు ఆరో క్లాసు, అనంతపురంలోనే ప్రైవేట్ ఇంగ్లీష్ మీడియం స్కూలు, నాలుగో క్లాసు దాకా బాగానే ఉండేవాడు, ఇప్పుడు హాఫ్ ఇయర్లీలో లెక్కల్లో వందకి 31 వచ్చినాయి, ఆరు నెలల్నుంచి ట్యూషన్‌కి పోతున్నా మార్పు లేదు, లెక్కల పుస్తకం తీస్తేనే కడుపునొప్పి అంటాడు, మీరేమో తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివినారు కాబట్టి ఆ ఇంగ్లీష్ లెక్కలు చెప్పడానికి మీకు రావట్లేదు. ట్యూషన్ మార్చాలా, అబాకస్‌లో చేర్పించాలా అని అడిగినారు. నన్నడిగితే ఇప్పటికిప్పుడు రెండూ వద్దు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతాది, టీ పెట్టుకుని చదవండి.

మధ్యలో మీరు ఒక మాట ఊరికే రాసి వదిలేసినారు చూడండి, "సాయంత్రం మా కిరాణా అంగట్లో వాళ్ల నాయన పక్కన కూర్చుంటే మాత్రం చిల్లర ఒక్క రూపాయి తప్పు పోనీడు" అని. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. మార్కులు, ట్యూషన్ ఫీజు, కడుపునొప్పి ఇవన్నీ తర్వాత.

నేను 26 ఏళ్లుగా మన జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్తున్నా. శానా ఏళ్ల కింద గుత్తి పక్కన ఒక ఊర్లో పనిచేసేటప్పుడు ఏడో క్లాసులో ఒక పిల్లోడు ఉండేవాడు, వాళ్లమ్మ సంతలో కూరగాయలు అమ్మేది, వీడు ఆదివారం ఆదివారం ఆమెతో పాటు కూర్చునేవాడు. ఒకసారి సంతలో వాడి దగ్గరే 37 రూపాయలకి కూరగాయలు తీసుకుని నూరు రూపాయల నోటిచ్చినా. వాడు పేపర్ లేదు పెన్ను లేదు, ముప్పై ఏడుకి మూడేస్తే నలభై, నలభైకి అరవై ఏస్తే నూరు అని నోట్లోనే గొణుక్కుంటా అరవై మూడు చేతిలో పెట్టినాడు. సోమవారం క్లాసులో అదే లెక్క, 100 లోంచి 37 తీసెయ్, అని బోర్డు మీద రాసినా. వాడు నోట్‌బుక్‌లో 137 రాసి తెచ్చినాడు. ఏమిరా, నేను నూరు రూపాయలిస్తే నువ్వు నాకు నూట ముప్పై ఏడు తిరిగిస్తావా అంటే నవ్వి, "సార్, అది సంత, ఇది లెక్క" అన్నాడు.

ఆ మాటకి నేను క్లాసులో ఏం సమాధానం చెప్పినానో గుర్తులేదు గానీ ఆ పొద్దు రాత్రి మాత్రం సరిగ్గా నిద్ర పట్టలేదు. పిల్లోడి తలకాయలో రెండు వేర్వేరు గదులున్నాయి, ఒక దాంట్లో వాడికి అన్నీ వస్తాయి, రెండో దాంట్లో ఏమీ రావు, మధ్యలో తలుపు లేదు. మీ వాడిదీ అదే కేసు అని నా అనుమానం. వాడికి లెక్కలు రావని కాదు, నోటితో చేసేది పేపర్ మీదికి దిగడం లేదు.

ఇంకో సంగతి, 137 ఎట్లొచ్చిందో చూడండి. సున్నాలోంచి ఏడు పోదు, కాబట్టి ఏడులోంచి సున్నా తీసేసినాడు, ఏడు. పక్కన సున్నాలోంచి మూడు పోదు, తిప్పి తీసేసినాడు, మూడు. ఒకటి ఉన్నదున్నట్టు దించినాడు. అంటే వాడు నిర్లక్ష్యంగా చేయలేదు, ఒక రూల్ పెట్టుకుని ఆ రూల్‌ని బుద్ధిగా పాటించినాడు: "ఎప్పుడైనా పెద్దదాంట్లోంచి చిన్నది తీయాల". రెండో క్లాసులో ఎవరో అట్ల చెప్పి ఉంటారు, అప్పటికి అది పనిచేసింది, ఆ తర్వాత ఎవరూ సరిచేయలేదు. మీ వాడికి 503 లోంచి 278 తీసెయ్యమనండి. 375 అని రాసినాడంటే ఇదే జబ్బు. 225 వచ్చిందంటే సంతోషం, కింది మెట్టు గట్టిగా ఉంది. తప్పు జవాబు చూసి ఎర్ర ఇంకుతో కొట్టేస్తే మనకి తెలిసేది సున్నా, అది ఎట్లొచ్చిందో వాడినే చెప్పమంటే రోగం ఎక్కడుందో తెలుస్తాది.

అందుకే ముందు చేయాల్సింది ఆరో క్లాసు పుస్తకం మూసేయడం. భయపడొద్దు, ఒక నెల రెండు నెలలు, అంతే. ఆరో క్లాసులో కనపడే తప్పుకి వేరు మూడో క్లాసులోనో నాలుగో క్లాసులోనో ఉంటాది, ట్యూషన్‌లో ఏం చేస్తారంటే స్కూల్లో రేపు ఏం హోంవర్క్ ఉందో అది చేయించి పంపిస్తారు, వాళ్ల తప్పు కూడా కాదు, ఇరవై మందిని కూర్చోబెట్టుకుని ఒక్కొక్కడి వేరు తవ్వాలంటే ఎట్ల. ఆ పని ఇంట్లోనే అయ్యేది.

ఒక ఆదివారం పొద్దున, టిఫిన్ తిన్నాక, వాడు హుషారుగా ఉన్నప్పుడు ఒక తెల్లకాగితం మీద ఇవి ఇవ్వండి, పరీక్ష అని చెప్పొద్దు. 46కి 37 కూడు. 503 లోంచి 278 తీసెయ్. 34ని 6తో గుణించు. 824ని 4తో భాగించు. 0.35, 0.5 ఈ రెండిట్లో ఏది పెద్దది. అర, పావు కలిపితే ఎంత, 1/2, 1/4 అని అంకెల్లో రాసివ్వండి. చివర్న ఇది, 8 + 4 = ఖాళీ డబ్బా + 5, డబ్బాలో ఏముండాలి. అంతే, ఏడు లెక్కలు. టైం పెట్టొద్దు, పక్కన కూర్చుని పేపర్ చూడండి, నోరు మాత్రం తెరవొద్దు. రఫ్ పని అదే పేపర్ మీద చేయమనండి, చెరపొద్దని చెప్పండి. రబ్బరు దాచిపెట్టేయండి ఇంకా మంచిది.

ప్రథమ్ సంస్థ వాళ్లు 2005 నుంచి ఊర్లల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వేలో కూడా పిల్లలకి పెట్టేది ఇంత చిన్న లెక్కలే, అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం. పెద్ద క్లాసుల పిల్లలు కూడా అక్కడ శానా మంది ఆగిపోతారు. కాబట్టి మీ వాడు ఇందులో మూడు తప్పులు చేస్తే గుండె బాదుకోవద్దు. 824ని 4తో భాగిస్తే 206, మీ వాడు 26 రాస్తే మధ్యలో రెండులో నాలుగు పోదు అన్నప్పుడు సున్నా పెట్టడం మరిచినాడని అర్థం. ఆఖరి దాంట్లో 12 రాసినాడంటే వాడి లెక్కలో ఈక్వల్ గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అని, అంతే. మీ అంగట్లో పాత తక్కెడ ఉంటే చూపించండి, ఈ పక్క 8, 4 పెట్టినాము, ఆ పక్క 5 ఉంది, ముల్లు మధ్యలో నిలబడాలంటే ఇంకా ఎంత వేయాల? 7 అని వాడే చెప్తాడు. ఇది చిన్న విషయం మాదిరి ఉంటాది గానీ ఇది అర్థం కాకుండా పోయినోళ్లే ఏడో క్లాసులో ఎక్స్ కనపడగానే చేతులెత్తేసేది.

ఇప్పుడు తీసివేత ఎట్ల సరిచేయాలో చెప్తా, ఎందుకంటే తలుపు తెరిచేది ఇక్కడే. వాడు అంగట్లో చేసినట్టే ముందు పేపర్ మీద చేయనీయండి. ఒక గీత గీసి ఒక చివర 37, తర్వాత 40, తర్వాత 100, మధ్యలో +3, +60, మొత్తం 63. ఇది కరెక్ట్ పద్ధతే, దీనికి స్కూల్లో మార్కులేయకపోవచ్చు గానీ ఇది లెక్కే అని వాడికి తెలియాల. రెండు మూడు రోజులు ఇట్లే చేయించి, అప్పుడు గల్లాపెట్టె తెరవండి. నూరు రూపాయల నోటు ఒకటి వాడి ముందర పెట్టి ఇందులోంచి 37 ఇవ్వు అనండి. ఇయ్యలేడు, నోటు చించలేడు కదా. మార్చమనండి, పది రూపాయల నోట్లు తొమ్మిది, రూపాయి బిళ్లలు పది. ఇప్పుడు పది బిళ్లల్లోంచి ఏడు పోతే మూడు, తొమ్మిది నోట్లలోంచి మూడు పోతే ఆరు. స్కూల్లో "అప్పు తీసుకో, పక్కనోడి దగ్గర ఒకటి అడుగు" అని చెప్పేది ఇదే, అప్పు కాదు అది, చిల్లర మార్చడం. నోట్లు చేత్తో పట్టుకుని మార్చినంక పక్కనే పేపర్ మీద నిలువు లెక్క రాయించండి, ఒక్కో అడుగు, ఇక్కడ మార్చినాము ఇక్కడ రాసినాము అని. నాలుగైదు రోజుల్లో నోట్లు అక్కర్లేకుండా పోతాయి.

ఎక్కాల సంగతి. మీ వాడికి ఏడెనిమిది ఎంత అంటే ఏడొకట్ల ఏడు, ఏడురెండ్ల పద్నాలుగు అని మొదట్నుంచి పాడుకుంటా వస్తాడా? అట్లయితే వాడికి ఎక్కం రాదు, పాట వచ్చు. పాట మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి పోవాల. 20 దాకా ఎక్కాలు బట్టీ పట్టించే స్కూళ్లున్నాయి, నాకు అది దండగ అనిపిస్తాది, 9 దాకా అడ్డదిడ్డంగా అడిగినా వస్తే చాలు. అది ఎంత తక్కువ పనో చూడండి, 2 నుంచి 9 దాకా మొత్తం 64. ఏడెనిమిదీ ఎనిమిదేడూ ఒకటే కాబట్టి తిరగేసినవి తీసేస్తే 36. రెండో ఎక్కం, ఐదో ఎక్కం అందరికీ వస్తాయి, అవి పోతే 21. తొమ్మిదో ఎక్కానికి పది పెట్లు చేసి ఒకటి తగ్గించుకోవచ్చు, తొమ్మిదేడు అంటే డెబ్బైలో ఏడు తక్కువ, అవి పోతే 15. నాలుగో ఎక్కం అంటే రెండింతలకి రెండింతలు, అవీ పోతే మిగిలేది 10. మూడు మూళ్లు, మూడార్లు, మూడేళ్లు, మూడెనిమిదులు, ఆరార్లు, ఆరేళ్లు, ఆరెనిమిదులు, ఏడేళ్లు, ఏడెనిమిదులు, ఎనిమిదెనిమిదులు. ఈ పదీ పెళ్లి కార్డుల వెనకాల రాసి ఫ్రిజ్‌కి, బీరువాకి, అంగట్లో గల్లాపెట్టె మూతకి అతికించండి. రోజుకి రెండు. వాడిని "నీకు ఎక్కాలు రావు" అనడానికీ, "నీకు పది రావట్లేదు, అంతే" అనడానికీ శానా తేడా ఉంది.

వేళ్ల మీద లెక్కపెడితే కొట్టొద్దు, దయచేసి. వేళ్లు ఆపితే బల్ల కింద దాచి లెక్కపెడతాడు, అంతే తేడా. 8కి 5 కూడాలంటే ముందు 8లో రెండేసి పది చేసుకో, మిగిలిన మూడు కలుపు అని అలవాటు చేస్తే వేళ్లు వాటంతటవే ఆగిపోతాయి. వామనగుంతలు ఆడించండి, చింతగింజలు గుంతలో ఎన్నున్నాయో ఒక్కచూపులో చెప్పడం, పంచుకుంటా పోతే ఎక్కడ ఖాళీ అవుతాదో ముందే ఊహించడం, మా అవ్వ ఒక్క క్లాసు చదవలేదు గానీ ఆ ఆటలో ఆమెని గెలిచినోళ్లు మా వీధిలో లేరు.

భిన్నాలు. ఆరో క్లాసులో మార్కులు కిందపడేది ఎక్కువ ఇక్కడే. 1/2 + 1/4 అంటే పైవి కూడి కిందవి కూడి 2/6 అంటారు, నేను చూసిన ప్రతి బ్యాచ్‌లో సగం మందికి తక్కువ కాకుండా ఇట్లనే రాస్తారు. వాడిని అంగట్లో అడగండి, అర కేజీ చక్కెర, పావు కేజీ చక్కెర ఒకే కవర్లో పోస్తే ఎంత? ముక్కాలు కేజీ అంటాడు ఠక్కున. ఇప్పుడు నోట్‌బుక్‌లో వాడు రాసిన 2/6 చూపించండి. ఆరో వంతులు రెండు అంటే మూడో వంతు, 333 గ్రాములు. అర కేజీకి ఇంకా కలిపితే 333కి తగ్గిపోయిందా, మిగతా చక్కెర చీమలు తిన్నాయా? వాడే నవ్వుతాడు. ఆ నవ్వు వచ్చిందాకా హారం, లవం, కసాగు అన్న మాటలు ఎత్తొద్దు.

తర్వాత చెప్పండి, అర అంటే ఎన్ని పావులు? రెండు పావులు. రెండు పావులకి ఇంకో పావు కలిపితే మూడు పావులు. ముప్పావు అన్న మాటలోనే ఉంది చూడండి, మూడు, పావు. మన భాషలో జవాబు పేరుగా పెట్టేసినారు. కింద ఉండే అంకె ఏంటంటే అది ముక్క పేరు, పైనుండేది ఎన్ని ముక్కలో. పేర్లని కూడతామా? ఐదు రూపాయల బిళ్లలు రెండు, పది రూపాయల నోట్లు మూడు ఉంటే, ఐదూ పదీ పదహైదు రూపాయల నోట్లు ఐదున్నాయి అని ఎవరైనా అంటారా? అందుకే ముందు రెండిటినీ ఒకే రకం ముక్కల్లోకి మార్చుకోవాల. 1/2, 1/3 అయితే పావుల్లో కుదరదు, అప్పుడు జొన్నరొట్టె పట్టుకోండి, ఆరు ముక్కలు చేయండి, సగం అంటే మూడు ముక్కలు, మూడో వంతు అంటే రెండు ముక్కలు, మొత్తం ఆరింట్లో ఐదు. రొట్టె తినేయమనండి. మా తాత పావులో సగం పరక, పరకలో సగం వీసం అని నోటితోనే లెక్క చెప్పేవాడు, 1/8, 1/16 అని చెప్తే ఆయనకి అర్థమయ్యేది కాదేమో గానీ ఏ షావుకారీ ఆయన్ని మోసం చేయలేకపోయినాడు.

దశాంశాలకి మీ అంగట్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంటే చాలు, టీచర్ అక్కర్లేదు. 0.5 కంటే 0.35 పెద్దదంటాడు, ఎందుకంటే 5 కంటే 35 పెద్దది కదా. కాటా మీద అర కేజీ పెట్టండి, 0.500 అని చూపిస్తాది. 350 గ్రాములు పెట్టండి, 0.350. ఏది బరువో చేతికే తెలుస్తాది. ఒక్కటి జాగ్రత్త, క్రికెట్ చూసే పిల్లోడైతే 4.5 ఓవర్లు, 4.6 అయితే ఓవర్ అయిపోయి 5 అన్నది తలకాయలో గట్టిగా కూర్చుని ఉంటాది. అది దశాంశం కాదురా, ఆరు బాళ్ల లెక్క, చుక్క మాత్రం ఒకటే అని ఒకసారి చెప్పి వదిలేయండి.

ఇక ఇంగ్లీష్. మీరు నాకు చెప్పడం రాదంటున్నారు గానీ సగం సమస్య వాడికి కూడా లెక్క కాదు, భాషే. చిన్న టెస్ట్ చేయండి, థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ అని కలిపి చదివి రాయమనండి, శానా మంది ఇక్కడే తడబడతారు. తెలుగులో పదమూడు, పదైదు అంటే పది ముందొచ్చి మూడో ఐదో వెనకాల వస్తాది, రాసే వరసా అదే. ఇంగ్లీష్‌లో మూడు ముందు పలికి పది వెనకాల పలుకుతారు. పిల్లోడు విన్నది విన్నట్టు రాస్తే తిరగబడుతుంది.

వర్డ్ ప్రాబ్లమ్స్‌లో ఇంకా ఘోరం. "మోర్ అంటే ప్లస్, లెస్ అంటే మైనస్" అని షార్ట్‌కట్ నేర్పిస్తారు. రాజు దగ్గర 15 గోలీలున్నాయి, అవి రాణి దగ్గరున్న వాటికంటే 6 ఎక్కువ, రాణి దగ్గర ఎన్ని? మోర్ కనపడింది కాబట్టి 21 అంటాడు. తొమ్మిది కదా. కాబట్టి ఇంగ్లీష్‌లో చదివినంక పెన్ను కింద పెట్టి "ఏం జరిగిందో నాకు తెలుగులో కథ మాదిరి చెప్పు" అనండి. ఎవరి దగ్గర ఎక్కువుంది, ఎవరి దగ్గర తక్కువుంది, ఏం అడుగుతున్నారు. కథ చెప్పగలిగితే లెక్క అయిపోయినట్టే. మన స్టేట్ సిలబస్ ప్రభుత్వ పుస్తకాల్లో ఇప్పుడు ఒక పక్క పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. మీ వీధిలో సర్కారు బడికి పోయే పిల్లలెవరైనా ఉంటే వాళ్ల పాత మూడు, నాలుగు, ఐదు క్లాసుల లెక్కల పుస్తకాలు అడిగి తెచ్చుకోండి, లేదంటే ఆ పుస్తకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు దొరుకుతాయి. తెలుగు పేజీ మీరు చదవండి, ఇంగ్లీష్ పేజీ వాడు చదవాల. మీకు రాదన్నది అక్కడితో తీరిపోతుంది.

ఇప్పుడు నా సొంత గొడవ ఒకటి చెప్తా, సిగ్గుగానే ఉంటాది. మా పాప ఐదో క్లాసులో ఉన్నప్పుడు నేను ఇంట్లో కూర్చోబెట్టుకుని చెప్పేవాణ్ణి, ఊర్లో పిల్లలందరికీ ఓపిగ్గా చెప్పే మనిషిని, సొంత బిడ్డ దగ్గర మాత్రం మూడో నిమిషానికి గొంతు లేచేది. కొన్నాళ్లకి గమనించినా, పాప పేపర్ వైపు చూడడం మానేసింది. నా ముఖం చూసి చెప్తాండాది. "నలభై... ఎనిమిదా?" అని నా కనుబొమలు చూస్తాది, అవి కదిల్తే "కాదు కాదు, నలభై రెండు" అంటాది. నేనేమో జవాబొచ్చింది కదా అని టిక్కు పెడతాండా. ఎన్ని నెలలు అట్ల నడిచిందో నాకే తెలీదు. మా ఇంటామె ఏడో క్లాసు దాకా చదివింది, ఒకరోజు వంటింట్లో మటిక్కాయలు వలుస్తా "నాకు రాదుమే ఇది, నువ్వు నాకు చెప్పు, ఈ గీత ఎందుకు గీసినావు" అని అడుగుతాంది. పాప టీచర్ మాదిరి నిలబడి చెప్తాంది, చెప్తా చెప్తా మధ్యలో "ఉండుమా, ఇది తప్పు" అని తనే కొట్టేసి మళ్లీ చేసింది. ఆమెకి కనుబొమల్లో జవాబు లేదు కదా, ఆమెకి నిజంగానే తెలీదు. ఆ రోజు నుంచి నేను పక్క రూంలోకి పోయినా.

కాబట్టి మీకు రాకపోవడం ఒక రకంగా మంచిదే అమ్మా, అబద్ధం చెప్పట్లేదు. మీ పని చెప్పడం కాదు, అడగడం. "ఎట్ల వచ్చింది? నాకు చూపించు" అని. జవాబు కరెక్ట్ అయినప్పుడు కూడా అదే గొంతుతో అడగండి, తప్పైనప్పుడు మాత్రమే అడిగితే అడగ్గానే తప్పని తెలిసిపోతాది. ఇంకోటి, "మా వంశంలోనే లెక్కలు రావు, నాకూ రాలేదు" అని వాడి ముందర అనొద్దు, మీరు అంటున్నారని కాదు, చుట్టాలొచ్చినప్పుడు మనోళ్లు నవ్వుతా అనేస్తారు, పిల్లోడికి అది సాకు కాదు, తీర్పు.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. రాత్రి అన్నం తిన్నంక నిద్రమత్తులో వద్దు, స్కూలు నుంచొచ్చి ఏదైనా తిని ఆడుకున్నంక. ఐదు లెక్కలు, రెండు కొత్తవి, రెండు పోయిన వారం చేసినవి, ఒకటి వాడికి బాగా వచ్చేది, అది చివర్న, గెలిచి లేవాల. ఒక తప్పుల పుస్తకం పెట్టండి, ఎడమ పేజీలో తప్పు చేసింది ఉన్నదున్నట్టు, కుడి పేజీలో సరైనది, కింద వాడి సొంత మాటల్లో ఒక్క వాక్యం, తెలుగులో రాసినా పర్లేదు, "నేను సున్నా మర్చిపోయినా" అని. మూడు రోజులాగి అదే లెక్క అంకెలు మార్చి ఇవ్వండి. అంకెలు మార్చడం ముఖ్యం, ఎందుకంటే గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు చూసి లెక్కల్ని కూడా వ్యాసం మాదిరి బట్టీ పట్టే పిల్లలున్నారు, 36కి బదులు 38 అని ఇస్తే ఆగిపోతారు. వాడి నాయనకి కూడా ఒక పని, లెక్క చేసేముందు "సుమారుగా ఎంతుంటాది" అని అడగమనండి, 49 రూపాయల సబ్బులు ఆరంటే మూడొందలకి కొంచెం తక్కువ. అట్ల అలవాటైనోడు నూరులోంచి 37 తీసేస్తే 137 అని రాసి ఊరుకోడు.

అబాకస్ గురించి. కూడికలు, గుణకారాలు వేగంగా చేయడానికి పనికొస్తాది, తప్పేం లేదు, మీ వాడికి కావాల్సింది వేగం కాదు. భిన్నాలకీ వర్డ్ ప్రాబ్లమ్స్‌కీ అది దగ్గరికి కూడా రాదు. ఆరో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని అమ్మేదాని గురించి నేను ఏం అనను, అంటే పెద్ద గొడవైతాది. ట్యూషన్ మాత్రం ఈ రెండు నెలలు ఆపగలిగితే ఆపండి, లేదంటే ఆ సార్‌తో మాట్లాడండి, స్కూల్ హోంవర్క్ కాకుండా ఈ ఏడు లెక్కల్లో తప్పైనవే చెప్పమని. ఒప్పుకుంటే మంచి సార్ దొరికినట్టే.

కళ్లు ఒకసారి చూపించండి, ఇది మర్చిపోతారని చెప్తాండా. నా క్లాసులో ఒక పాప బోర్డు మీద 8ని 6 అని దించుకుని లెక్క అంతా సరిగ్గానే చేసేది, సంవత్సరం పొడవునా తప్పే. అద్దాలతో పోయింది. ఒకవేళ ఈ చిన్న లెక్కల్లో కూడా, 7, 9లో ఏది పెద్దదో చెప్పడానికీ, 20 నుంచి వెనక్కి లెక్కపెట్టడానికీ, గడియారం చూడటానికీ ఈ వయసులో తిప్పలు పడుతుంటే అది వేరే, డిస్కాల్కులియా అని, అంకెలే సరిగ్గా పట్టుబడని ఇబ్బంది ఒకటుంది, పిల్లల సైకాలజిస్ట్‌కి చూపించాల. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అది కూడా ఉంది. అయితే చిల్లర తప్పు పోనియ్యని పిల్లోడికి అదుండే అవకాశం తక్కువనే అనుకుంటున్నా.

ఏడో క్లాసుకి పోయేసరికి మైనస్ సంఖ్యలు, ఈక్వేషన్లు, పర్సెంటేజీలు వస్తాయి. పుస్తకాల్లో సిమ్లాలో సున్నా కింద ఐదు డిగ్రీలు అని ఇస్తారు, మన అనంతపురం ఎండల్లో పెరిగిన పిల్లోడికి సున్నా కింద డిగ్రీ ఏం తెలుస్తాది. మీ అప్పు పద్దు పుస్తకం చూపించండి, ఎవరో 200 బాకీ ఉండి 150 కట్టినాడు, ఇంకా మైనస్ 50. బోరు 600 అడుగులు పోయిందంటే నేల సున్నా, అక్కడ మైనస్ 600. పర్సెంటేజీ అయితే ఇంకా సులువు, నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మన ఊర్లల్లో నెలకి, 12,000 తీసుకుంటే నెలకి 240, సంవత్సరానికి 24 పర్సెంట్, బ్యాంకోళ్లు చెప్పే పర్సెంటేజీ సంవత్సరానికి. ఈ తేడా తెలిసిన పిల్లోడికి బారువడ్డీ చాప్టర్ మంచినీళ్లు.

ఎన్నాళ్లు పడుతుంది అంటే, వచ్చే పరీక్షలో మార్కులు పెద్దగా పెరగవు, ముందే చెప్తున్నా, కొంచెం తగ్గినా తగ్గొచ్చు, ఎందుకంటే మీరు ఆరో క్లాసు సిలబస్ పక్కన పెట్టినారు. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులుంటాయి కదా, అసలు పని అప్పుడవుతుంది, ఊరికి పంపించినా తప్పుల పుస్తకం సంచిలో పెట్టి పంపండి. మార్కులకంటే ముందు వేరే గుర్తు కనపడతాది, ఒకరోజు వాడు జవాబు రాసి, మిమ్మల్ని అడక్కుండా, తనే "ఇంతెట్ల వస్తాది?" అని గొణుక్కుని వెనక్కిపోయి చూసుకుంటాడు. అది కనపడిన రోజు నాకు చెప్పండి.

ఈ ఆదివారం ఆ ఏడు లెక్కలు చేయించి, జవాబులు కాదు, ఆ రఫ్ పేజీ మొత్తం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, స్కూల్ పేరు, బాబు పేరు కనపడకుండా. కొట్టివేతలు, గీతలు అన్నీ ఉండనీయండి. చూసి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తా.